సంత పండ్లూ కడుపులో పురుగులూ: తరచుగా అడిగే ప్రశ్నలు

మల పరీక్షలు చేసే ల్యాబ్‌లో చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను. రిపోర్టు అందుకున్నవాళ్లు వెంటనే అనే మాట ఒకటుంది: "బయట ఏమీ తినం, పండ్లే కదా తింటున్నాం, మరి ఇవెలా వచ్చాయి?" ఆ తర్వాత వచ్చే సందేహాలు కూడా ఇంచుమించు అవే. వాటన్నిటినీ ఒకచోట రాసిపెట్టాను. పండు కొనే దగ్గర మొదలుపెట్టి, తిన్న తర్వాతి దాకా వరుసలో ఉన్నాయి. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు, దేనికదే పూర్తిగా ఉంటుంది.

## ముందుగా తెలుసుకోవాల్సినవి

పండు కోస్తే లోపల తెల్లపురుగు కనిపించింది. అది పొట్టలోకి పోతే నులిపురుగులు పుడతాయా?

పుట్టవు. అది పండుఈగ పిల్ల. ఆడ ఈగ కాయ తొక్కలో గుడ్లు పెడితే, పిల్లలు లోపలి గుజ్జు తింటూ పెరుగుతాయి. మనిషి పేగుల్లో అవి బతకవు, పొరపాటున మింగినా అరిగిపోతాయి. మనకు హాని చేసేవి వేరే. అవి కంటికి కనిపించవు, బయటి నుంచి వచ్చి తొక్కకు అంటుకుంటాయి. పురుగు కనబడిన పండును పారేసి, నిగనిగలాడే పండును మాత్రం కడగకుండానే కొరికేవాళ్లను చూస్తే నాకు దిగులుగా ఉంటుంది.

పండు చెట్టుకు కాస్తుంది కదా, మట్టిలో ఉండే నులిపురుగుల గుడ్లు దాని మీదికి ఎలా వస్తాయి?

మూలం మనిషి మలమో, జంతువుల మలమో. అక్కడి నుంచి పండు దాకా దారులు చాలా ఉన్నాయి. మురుగు కలిసిన కాలవ నీళ్లు తోటకు పెడతారు. సరిగ్గా మాగని పశువుల ఎరువు వేస్తారు. నేల రాలిన కాయలను కూడా ఏరి మంచివాటితో కలిపేస్తారు. ఆపైన కోసే చేతులు, సర్దే చేతులు, కింద పరిచిన గోనెసంచి, కడిగే బకెట్, వాలే ఈగలు తలా కొంత మోసుకొస్తాయి.

ఆడ ఏలికపాము ఒక్కటే రోజుకు సుమారు 2 లక్షల గుడ్లు పెడుతుంది. గుడ్డు పైపొర జిగటగా ఉంటుంది కాబట్టి దేనికైనా అతుక్కుపోతుంది. తడి మట్టిలో ఏళ్ల తరబడి చావకుండా ఉండగలదు. అందుకే శుద్ధి చేసిన మురుగునీటిని పచ్చిగా తినే పంటలకు పెట్టాల్సి వస్తే, లీటరులో ఒక్క గుడ్డుకు మించి ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లోనే హద్దు పెట్టింది.

పండ్ల ద్వారా వచ్చేవి ఏవి? అన్నీ నులిపురుగులేనా?

కాదు. కొన్ని నిజంగా పురుగులే. ఏలికపాము, కొరడా పురుగు మనుషుల నుంచి వస్తాయి. టాక్సోకారా, ఎకైనోకాకస్ అనేవి కుక్కల మలం నుంచి వస్తాయి. పండు మీద వీటి గుడ్లు ఉంటాయి. మిగతావి ఒకే కణం ఉన్న జీవులు: జియార్డియా, అమీబా, క్రిప్టోస్పోరిడియం, సైక్లోస్పోరా, పిల్లుల నుంచి వచ్చే టాక్సోప్లాస్మా. ఇవి తమ చుట్టూ గట్టి గోడ కట్టుకుని, మళ్లీ ఎవరి కడుపులోనో పడేదాకా కదలకుండా ఉంటాయి. ఆ రూపాన్నే రిపోర్టుల్లో 'సిస్టు' అని రాస్తాం. క్రిప్టోస్పోరిడియం అయితే మిల్లీమీటరులో 200వ వంతు ఉంటుంది. జియార్డియా సిస్టులు 10 లోపలికి వెళ్లినా జబ్బు రావచ్చు.

కొంకిపురుగు విషయంలో మాత్రం పండ్లను నిందించకండి. అది ఎక్కువగా చెప్పుల్లేని పాదాల చర్మంలోంచి లోపలికి దూరుతుంది.

మేం పుట్టు శాకాహారులం. బద్దెపురుగు మాకెలా వస్తుంది?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు కొందరు అవమానంగా ఫీలవుతారు. అవసరం లేదు. పంది బద్దెపురుగు రెండు దారుల్లో వస్తుంది. సరిగ్గా ఉడకని పంది మాంసం తిన్నవారి పేగులో పురుగు పెరుగుతుంది. ఆ మనిషి మలంతో గుడ్లు బయటికొస్తాయి. ఆ గుడ్లు నీళ్ల ద్వారానో చేతుల ద్వారానో పండు మీదికి చేరి, అది ఇంకొకరు తింటే, వాళ్ల ఒంట్లో తిత్తులు కడతాయి. ఆ తిత్తి మెదడులో పడితే ఫిట్స్ వస్తాయి. అంటే మెదడులో తిత్తులు రావడానికి మాంసం ముట్టుకోనక్కర్లేదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో నిపుణులను కూర్చోబెట్టి, ఆహారం ద్వారా వచ్చే 24 పరాన్నజీవులకు ప్రమాదాన్ని బట్టి వరుస ఇప్పించాయి. మొదటి స్థానం దీనికే దక్కింది.

"సంతలో కొన్న పండ్లలో ఇంత శాతం వాటి మీద పరాన్నజీవులు" అని వార్తలు వస్తాయి. వాటిని ఎంతవరకు నమ్మాలి?

నమ్మండి, కానీ ఆ శాతం దేన్ని లెక్కపెట్టిందో చూడండి. ఈ పరీక్షలో పండ్లను ఉప్పు ద్రావణంలోనో మరో ద్రావణంలోనో ఊపి కడుగుతారు. ఆ కడుగు నీళ్లను తేర్చి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున దిగినదాన్ని మైక్రోస్కోప్ కింద చూస్తారు. గుడ్డు కనబడితే 'ఉంది' అని రాస్తారు. అది బతికే ఉందో, చచ్చిందో మామూలు మైక్రోస్కోప్‌తో కచ్చితంగా చెప్పడం కష్టం. మట్టిలో స్వేచ్ఛగా బతికే, మనిషికి ఏమీ చేయని సన్నపురుగుల పిల్లలను కొంకిపురుగు పిల్లలుగా పొరబడే అవకాశం కూడా ఉంది. ఇంకోవైపు, అతి చిన్నవైన క్రిప్టోస్పోరిడియం, సైక్లోస్పోరా ప్రత్యేకమైన రంగు వేసి చూడకపోతే దొరకవు. కాబట్టి అసలు సంఖ్య వార్తలో ఉన్నదానికన్నా తక్కువైనా కావచ్చు, ఎక్కువైనా కావచ్చు. ఒక సంత శాతాన్ని మరో సంత శాతంతో పోల్చడం కూడా కుదరదు. ఎన్ని పండ్లు తీసుకున్నారు, ఏ కాలంలో తీసుకున్నారు, ఎలా కడిగారు అన్నవి మారితే లెక్క మారిపోతుంది.

## కొనేటప్పుడు

చూసి గానీ వాసన చూసి గానీ గుర్తుపట్టగలమా?

లేదు. రుచి, రంగు, వాసన ఏదీ మారదు.

ఏ పండ్ల విషయంలో ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి?

మూడు సంగతులు చూసుకోండి. నేలకు ఎంత దగ్గరగా కాసింది? పైభాగం ఎంత గరుకుగా ఉంది? తొక్కతో తింటామా, తీసి తింటామా? స్ట్రాబెర్రీ మూడింటిలోనూ దొరికిపోతుంది. నేల మీద పాకే మొక్క, గుంటలు గుంటలుగా ఉండే పైభాగం, తొక్క తీసే వీలే లేదు. రాస్ప్‌బెర్రీలకు సన్నటి నూగు కూడా ఉంటుంది, దాంట్లో ఇరుక్కున్నవి నీళ్లకు తేలిగ్గా వదలవు. ద్రాక్ష నేలకు దూరంగా కాసినా గుత్తి లోపలికి నీళ్లు సరిగ్గా వెళ్లవు. ఆపిల్, జామ నున్నగా ఉంటాయి కాబట్టి రుద్దితే వదులుతాయి, కాకపోతే తొడిమ గుంటలోనూ అడుగున ముచ్చిక దగ్గరా మురికి దాక్కుంటుంది. అరటి, నారింజలకు గట్టి తొక్క రక్షణగా ఉంటుంది. నేల మీద దొర్లే పుచ్చకాయ, ఖర్బూజ తొక్క తినం కదా అని వదిలేస్తారు గానీ కత్తి దిగేది ఆ తొక్కలోంచే.

పగిలినవి, పిట్ట కొట్టినవి, నత్త పాకిన జిగురు కనిపించేవి తీసుకోకండి. ఎలుక ఊపిరితిత్తుల పురుగు అని ఒకటుంది, అది నత్తల్లో, స్లగ్గుల్లో (పెంకు లేని నత్తలు) ఉంటుంది. పండు ముడతల్లో దాక్కున్న చిన్న స్లగ్గును తెలియక నమిలేస్తే మెదడు పొరల వాపు వచ్చే ప్రమాదం ఉంది.

పండ్ల మీద నీళ్లు చల్లుతూ తాజాగా ఉంచుతారు. అది మంచిదేగా?

ఆ నీళ్లు ఎక్కడివన్నదే ప్రశ్న. శుభ్రమైన తాగునీళ్లయితే ఇబ్బంది లేదు. కానీ పొద్దున పట్టిన ఒకే బకెట్ నీళ్లలో చేతులు ముంచి, కాయలు ముంచి, గుడ్డ ముంచి, అవే సాయంత్రం దాకా చల్లుతుంటే ఒక కాయ మీది మురికి బండి మొత్తానికి పంచినట్టే. పైగా తడి అంటే ఈ జీవులకు ఊపిరి. ముఖ్యంగా క్రిప్టోస్పోరిడియం గాలికి పొడిగా ఆరితే తొందరగా చస్తుంది, తడిగా ఉంచితే బతుకుతుంది. నేనైతే చెమ్మగా మెరిసే పండు కన్నా కాస్త దుమ్ముపట్టిన పొడి పండునే తీసుకుంటాను.

కోసిపెట్టిన ముక్కలు కొనొచ్చా?

వద్దనే చెబుతాను. పూర్తి పండుకు తొక్క ఉంటుంది, ఇంటికి తెచ్చి కడగొచ్చు, చెక్కు తీయొచ్చు. ముక్కకు ఆ అవకాశం పోయింది. కత్తి, చెక్క, చేతులు, ముక్కలు కడిగిన నీళ్లు, వాటి కింద పెట్టిన ఐసు, అన్నిటి మీదా మీకు నమ్మకం ఉండాలి. తప్పదనుకుంటే మీ కళ్లముందే కడిగించి, కోయించుకుని, అక్కడికక్కడే తినండి.

సూపర్‌మార్కెట్‌లో ప్యాక్ చేసినవి కొంటే టెన్షన్ ఉండదుగా?

డబ్బా చూసి ధైర్యం తెచ్చుకోకండి. 1996 వసంతంలో అమెరికా, కెనడాల్లో 1465 మందికి సైక్లోస్పోరా జబ్బు వచ్చినట్టు నమోదైంది. ఆరా తీస్తే గ్వాటెమాలా నుంచి దిగుమతైన రాస్ప్‌బెర్రీలని తేలింది. అవేమీ బండి మీద దుమ్ములో అమ్మినవి కావు. అసలు సైక్లోస్పోరా మలంలోంచి బయటికొచ్చిన వెంటనే అంటుకోదు, బయట ఒకటి రెండు వారాలు ఉండి ముదరాలి. అంటే అది చాలావరకు తోట దగ్గరే, నీళ్ల ద్వారానో చేతుల ద్వారానో పండు మీదికి చేరుతుంది. సంతలో కొన్నా, గాజు తలుపుల షాపులో కొన్నా తోట ఒకటే కావచ్చు. ఎక్కడ కొన్నా కడుక్కోవాల్సిందే.

ఆర్గానిక్ పండ్లయితే కడగక్కర్లేదు అంటారు. నిజమేనా?

నిజం కాదు. ఆర్గానిక్ అన్న మాట పురుగుమందులకూ రసాయన ఎరువులకూ సంబంధించినది. ఈ పంటలకు పశువుల ఎరువే బలం, అది సరిగ్గా మాగకపోతే గుడ్లు, సిస్టులు అందులో బతికే ఉంటాయి. ఎరువు కుప్ప లోపల 55 డిగ్రీల వేడి కొన్ని రోజులపాటు నిలిస్తే చస్తాయి. అమెరికా ఆర్గానిక్ నిబంధనల్లో, పచ్చి ఎరువు వేస్తే నేలకు తగిలే పంటను 120 రోజుల తర్వాతే కోయాలని ఉంది. మీకు తెలిసిన రైతు అయితే ఎరువు ఎన్నాళ్లు మాగబెట్టారో అడగండి. మంచి రైతు ఆ ప్రశ్నకు కోపం తెచ్చుకోడు.

## కడిగేటప్పుడు

ఉప్పునీళ్లలో, వెనిగర్‌లో, పొటాషియం పర్మాంగనేట్‌లో నానబెడితే గుడ్లు చస్తాయా?

చస్తాయని నమ్మకండి. నన్ను ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఏలికపాము గుడ్డుకు పొరల మీద పొరలుగా గట్టి పెంకు ఉంటుంది. ఎంత గట్టిదంటే, ల్యాబుల్లో ఈ గుడ్లను, శాంపిల్స్ కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్‌లో నిల్వచేస్తే అందులోనే పిల్ల ఎదిగిపోగలదు. అలాంటిది చిటికెడు ఉప్పుకు, మూత వెనిగర్‌కు లొంగుతుందా? క్రిప్టోస్పోరిడియం అయితే క్లోరిన్‌కు కూడా జంకదు. 1993లో అమెరికాలోని మిల్వాకీలో క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్ల ద్వారానే సుమారు 4 లక్షల మందికి జబ్బు చేసింది. బేకింగ్ సోడా కొన్ని రకాల పురుగుమందుల అవశేషాలను తగ్గిస్తుంది, అది వేరే సంగతి.

ఇంట్లో మన చేతిలో ఉన్న పని వీటిని పండు మీద నుంచి ఊడ్చి పంపించడం. చంపాలంటే వేడి కావాలి, పచ్చి పండుకు అది కుదరదు. ఉప్పునీళ్లలో నానబెట్టడం వల్ల మురికి కాస్త వదులైతే మంచిదే, కానీ నానబెట్టాం కదా అని పారే నీళ్ల కింద రుద్దడం మానేస్తేనే చిక్కు.

మరి సరైన పద్ధతి ఏంటి?

ముందు మీ చేతులు సబ్బుతో 20 సెకన్లు కడుక్కోండి. శానిటైజర్ రాసుకుంటే సరిపోదు, ఆల్కహాల్ పురుగు గుడ్లను, క్రిప్టోస్పోరిడియాన్ని ఏమీ చేయలేదు. సింకు కూడా ఒకసారి కడగండి. పండును పారే నీళ్ల కింద పట్టుకుని, అన్ని వైపులా తిప్పుతూ చేత్తో రుద్దండి. తొక్క గట్టిగా ఉన్న పండుకు అందుకోసమే ఉంచుకున్న మెత్తటి బ్రష్ వాడండి. తొడిమ గుంట దగ్గర రెండు క్షణాలు ఎక్కువ ఆగండి. తర్వాత శుభ్రమైన పొడిగుడ్డతోనో పేపర్‌తోనో తుడవండి. ఈ తుడవడాన్ని చాలామంది వదిలేస్తారు, కానీ మిగిలిన తడితో పాటు మిగిలిన గుడ్లు కూడా కొన్ని దాంతో పోతాయి.

కుళాయి లేకపోతే ఒకరు చెంబుతో పోస్తుంటే ఇంకొకరు రుద్దండి. గిన్నెలో ముంచి కడగక తప్పకపోతే నీళ్లు రెండు మూడుసార్లు మార్చండి. ప్రతిసారీ పండ్లను పైకి తీసి వేరే గిన్నెలో వేయండి. గుడ్లు బరువుకు అడుగున దిగుతాయి, గిన్నె వంచి నీళ్లు వంపితే అవి మళ్లీ పండ్ల మీదుగానే పోతాయి.

ఒక చిన్న మాట. ఎండలో వేడెక్కిన పండును చల్లటి నీళ్లలో ముంచితే తొడిమ దగ్గర నుంచి ఆ నీటిని లోపలికి పీల్చుకోగలదు. చల్లబడ్డాక కడగండి.

ద్రాక్ష, స్ట్రాబెర్రీ లాంటివి రుద్దితే చితికిపోతాయి. వాటినేం చేయాలి?

ద్రాక్షను గుత్తిగా కడగొద్దు. కాయలను చిన్న కాడతో కత్తిరించి, చిల్లుల గిన్నెలో వేసి, నీళ్లు పారుతుండగా వేళ్లతో కలియబెట్టండి. స్ట్రాబెర్రీలను ఆకుతో ఉండగానే కడిగి, ఆ తర్వాత ఆకు తీయండి. ముందే తీస్తే ఆ గుంటలోకి మురికినీళ్లు దిగుతాయి. రాస్ప్‌బెర్రీలను ఎంత కడిగినా పూర్తి భరోసా ఇవ్వలేను. ఒంట్లో రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవాళ్లు వాటిని ఉడికించి తినడం మేలు.

గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడగొచ్చా?

వద్దు. పండు తొక్కకు సన్నటి రంధ్రాలుంటాయి, సబ్బు అందులో నిలిచిపోయి కడుపులోకి వెళ్తుంది. దానివల్ల విరేచనాలైతే అవి పురుగుల వల్లే అనుకుని మళ్లీ కంగారు.

పండ్లు శుభ్రం చేసే యంత్రాలు, స్ప్రేలు 99.9 శాతం సూక్ష్మజీవులను చంపుతాయని రాస్తున్నారు. కొనమంటారా?

కొనేముందు ఏ సూక్ష్మజీవి మీద పరీక్షించారో అడగండి. బాక్టీరియా మీద పనిచేసినంత మాత్రాన పురుగు గుడ్డు మీద పనిచేస్తుందని కాదు. అతినీలలోహిత కిరణాల పెట్టె అయితే వెలుగు తగిలినంత మేరకే పని, పండు గుంటల్లోకి, నీడ పడిన వైపుకు అది చేరదు. ఆ డబ్బుతో ఒక మంచి బ్రష్, రెండు శుభ్రమైన గుడ్డలు కొనుక్కోండి, ఇంకా చాలా మిగులుతుంది.

మాకు వచ్చే నీళ్ల మీదే అనుమానం. వాటితో కడిగితే లాభమా నష్టమా?

మురికినీళ్లతో కడిగితే కొత్తవి అంటించినట్టవుతుంది. మామూలు నీళ్లతో మొదట రుద్ది కడిగి, చివరిసారి మాత్రం మరగకాచి చల్లార్చిన నీళ్లు పోయండి. నీళ్లు తెర్లడం మొదలయ్యాక 1 నిమిషం చాలు, 2000 మీటర్ల కన్నా ఎత్తు ప్రాంతాల్లో 3 నిమిషాలు. ఫిల్టర్ నీళ్లయితే ఫిల్టర్ రంధ్రం 1 మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) లేదా అంతకన్నా సన్నగా ఉండాలి.

తొక్క తీసి తినే పండును కూడా కడగాలా?

కడగాలి. కత్తి తొక్కలోంచి గుజ్జులోకి దిగేటప్పుడు పైనున్నదాన్ని వెంట తీసుకెళ్తుంది. చేత్తో ఒలిచినా, అదే చేతివేళ్లతో తొన పట్టుకుని నోట్లో పెట్టుకుంటాం కదా. ముందు కడిగి, ఆ తర్వాత చెక్కు తీయాలి. పచ్చి మాంసం కోసిన చెక్క మీద పండు కోయొద్దు.

## దాచిపెట్టడం, జ్యూస్

తేగానే అన్నీ కడిగి ఫ్రిజ్‌లో పెట్టేయొచ్చా?

బాగా ఆరబెట్టగలిగితే పెట్టొచ్చు. తడిగా పెడితే బూజు పడుతుంది. బెర్రీలు, ద్రాక్ష మాత్రం తినేముందే కడగండి. కడగని పండ్లు అడుగు అరలో, వండిన తిండి పై అరలో ఉంచండి. ఫ్రిజ్ చల్లదనం వీటిని చంపదు, చల్లగా చెమ్మగా ఉంటే సిస్టులు ఇంకా ఎక్కువ రోజులు బతుకుతాయి.

డీప్ ఫ్రీజర్‌లో పెడితే?

ఇంటి ఫ్రీజర్ మీద ఆశ పెట్టుకోకండి. జియార్డియా లాంటివి చాలావరకు దెబ్బతింటాయి, కానీ ఏలికపాము గుడ్లు గడ్డకట్టే చలిని తట్టుకుంటాయి. గడ్డకట్టిన బెర్రీలను నేరుగా స్మూతీలో వేసే అలవాటుంటే, ఫ్రీజర్‌లో పెట్టేముందే కడిగి ఉండాలి.

జ్యూస్ చేసుకుంటే ఎలాగూ వడకడతాం కదా?

జల్లెడ కన్నం ముందు సిస్టు ఏపాటిది? అది హాయిగా దాటిపోతుంది. ఇంకా ఇబ్బంది ఏంటంటే, పది పండ్లలో ఒక్కదాని మీద ఉన్నది గ్లాసులన్నిటికీ చేరుతుంది. 1993లో అమెరికాలోని మెయిన్ అనే రాష్ట్రంలో అప్పటికప్పుడు పిండిన ఆపిల్ రసం తాగినవాళ్లకు క్రిప్టోస్పోరిడియం సోకింది. వెతికితే రసంలోనూ, పిండిన యంత్రంలోనూ, ఆపిల్స్ ఇచ్చిన తోటలో ఉన్న ఒక దూడ పేడలోనూ అదే దొరికింది. బ్రెజిల్‌లో అసాయీ పండ్ల రసం ద్వారా ఛాగస్ అనే పరాన్నజీవి జబ్బు వచ్చిన సందర్భాలున్నాయి. అక్కడ ఆ జబ్బును మోసే నల్లి జాతి పురుగు పండ్లతోపాటు నలిగిపోవడమే కారణం. ఇంట్లో పండు కడిగి, చెక్కు తీసి, కడిగిన జార్‌లో చేసుకుంటే భయపడక్కర్లేదు. పాశ్చరైజ్ చేసిన రసంలో ఇవి బతకవు.

## తిన్న తర్వాత

కడగకుండా తినేశాను. ఇప్పుడేం చేయాలి?

ఏమీ చేయొద్దు. వాంతి చేసుకోవద్దు, మాత్ర మింగొద్దు. ఆ ఒక్క పండు మీద ఏమీ లేకపోయే అవకాశమే ఎక్కువ. తేదీ మాత్రం గుర్తుపెట్టుకోండి. రెండు మూడు వారాల్లోపు విరేచనాలు, కడుపుబ్బరం, ఆకలి లేకపోవడం మొదలైతే డాక్టర్‌కు ఆ సంగతి చెప్పడానికి పనికొస్తుంది.

మధ్యాహ్నం పండు తిన్నాం, రాత్రికే వాంతులు. పరాన్నజీవులేనా?

కాకపోవచ్చు. గంటల్లో మొదలయ్యేవి ఎక్కువగా బాక్టీరియా విషాలు, వైరస్‌లు. పరాన్నజీవులు నిదానం మీద వస్తాయి. క్రిప్టోస్పోరిడియం, సైక్లోస్పోరాలకు సుమారు వారం, జియార్డియాకు ఒకటి నుంచి మూడు వారాలు, అమీబాకు మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఏలికపాము గుడ్డు మింగిన తర్వాత అది పెద్దదై గుడ్లు పెట్టడానికే రెండు మూడు నెలలు కావాలి. పిల్లలకు ఒళ్లు తేలిపోయేంతగా వాంతులు విరేచనాలు అవుతుంటే కారణం గురించి ఆలోచిస్తూ కూర్చోకుండా ఓఆర్‌ఎస్ పడుతూ ఆసుపత్రికి తీసుకెళ్లండి.

విరేచనాలు తగ్గట్లేదు, మోషన్ టెస్ట్‌లో మాత్రం ఏమీ లేదన్నారు. ఎలా?

ఒక్క శాంపిల్‌తో తేల్చలేం. ఈ జీవులు రోజూ ఒకే లెక్కన బయటికి రావు. వేర్వేరు రోజుల్లో మూడు శాంపిల్స్ ఇవ్వాలి. ఇంకొకటి, మామూలు మల పరీక్షలో క్రిప్టోస్పోరిడియం, సైక్లోస్పోరా కనబడవు, వాటికి ప్రత్యేకమైన రంగు వేసే పరీక్ష పేరుపెట్టి అడగాలి. జియార్డియాకు యాంటిజెన్ టెస్ట్ ఉంది. వారం దాటిన నీళ్ల విరేచనాలైతే ఈ మాట డాక్టర్‌తో తప్పకుండా అనండి. శాంపిల్ ఆలస్యం చేయకుండా తీసుకురండి, పాతబడిన శాంపిల్‌లో కదిలే అమీబాను చూడలేం.

రిపోర్టులో అమీబా సిస్టులు అని ఉంది. ఏ బాధా లేదు. మందులు వాడాలా?

రిపోర్టు చూసి మీరే మందు కొనుక్కోకండి. జబ్బు చేసే ఎంటమీబా హిస్టోలిటికా సిస్టూ, ఏ హానీ చేయని ఎంటమీబా డిస్పార్ సిస్టూ మైక్రోస్కోప్ కింద అచ్చం ఒకలాగే ఉంటాయి. విడదీయడానికి వేరే పరీక్ష కావాలి. నిజంగా హిస్టోలిటికా అయితే బాధ లేకపోయినా చికిత్స ఇస్తారు, ఎందుకంటే మీ నుంచి ఇంట్లోవాళ్లకు సోకుతుంది.

ఆరు నెలలకోసారి ఆల్బెండజోల్ వేసుకుంటున్నాం. ఇక పండ్లు కడగకపోయినా పర్వాలేదా?

ఆ మాత్ర ఆ రోజు పేగులో ఉన్న పురుగుల మీద పనిచేస్తుంది. మర్నాడు మింగిన గుడ్డుకు దానితో సంబంధం లేదు. క్రిప్టోస్పోరిడియం మీద, సైక్లోస్పోరా మీద అది పనిచేయదు, ఒక్కోదానికి ఒక్కో మందు ఉంది. అయినా మాత్ర మానొద్దు. ప్రపంచంలో దాదాపు 150 కోట్ల మందికి మట్టి ద్వారా వచ్చే పురుగులున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా, పిల్లల రక్తహీనతకూ ఎదుగుదల లోపానికీ అవి పెద్ద కారణం. గర్భం మొదటి మూడు నెలల్లో మాత్రం దీన్ని వేసుకోకూడదు.

మా అమ్మాయి గర్భవతి. పండ్లు పెట్టాలంటేనే భయంగా ఉంది.

పెట్టండి, తప్పకుండా పెట్టండి. భయం టాక్సోప్లాస్మా గురించి. గర్భంలో ఉండగా మొదటిసారి సోకితే బిడ్డ కళ్లకు, మెదడుకు హాని జరగొచ్చు. పిల్లి మలంలోంచి వచ్చిన టాక్సోప్లాస్మా ఒకటి నుంచి ఐదు రోజుల్లో సోకే స్థితికి వస్తుంది, ఆ మట్టి అంటిన పండు ద్వారా రావొచ్చు. కాబట్టి ఆమె తినేది ఏదైనా ఇంట్లో కడిగి, వీలైనవాటికి చెక్కు తీసి, అప్పటికప్పుడు కోసి ఇవ్వండి. బయట కోసిన ముక్కలు, పచ్చి జ్యూస్‌లు ఈ తొమ్మిది నెలలూ వద్దు. అవయవమార్పిడి, కీమోథెరపీ అయినవాళ్లకు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు కూడా ఇదే పద్ధతి మంచిది. వాళ్లకు క్రిప్టోస్పోరిడియం వస్తే తగ్గడం చాలా కష్టం.

ఇంత గొడవెందుకు, పిల్లలకు పండ్లు మాన్పిస్తే సరిపోదా?

దయచేసి ఆ పని చేయకండి. పిల్లలకు ఇవి పండ్ల ద్వారానే కాదు, ఆడుకునే మట్టి ద్వారా, గోళ్ల ద్వారా, తాగే నీళ్ల ద్వారా కూడా వస్తాయి. పండ్లు మానేస్తే ఆ దారులు మూసుకుపోవు, బిడ్డకు అందాల్సిన పోషణ మాత్రం పోతుంది. గోళ్లు కత్తిరించండి, దొడ్డికి వెళ్లొచ్చాక, తినేముందు సబ్బుతో చేతులు కడిగించండి. పండు కడగడం వాళ్ల చేతే చేయించండి, నీళ్లంటే పిల్లలకు ఎలాగూ ఇష్టమే.

## అమ్మేవారి నుంచి వచ్చిన ప్రశ్న

నేను సంతలో పండ్లు అమ్ముతాను. అందరూ మమ్మల్నే అంటారు. నా వంతుగా ఏం చేయగలను?

ఈ ప్రశ్న అడిగిన ఆవిడంటే నాకు చాలా గౌరవం. తోటలో పెట్టిన నీళ్లు మీ చేతిలో లేవు. సంతలో మరుగుదొడ్డి, కుళాయి లేకపోవడం కూడా మీ తప్పు కాదు, అవి కట్టించాల్సిన బాధ్యత సంత నడిపేవాళ్లది. అమ్మేవాళ్లంతా కలిసి అడగాల్సింది ముందు అదే, సబ్బు పెట్టిన కుళాయి.

మీ బండి వరకు చూస్తే, కాయలను నేల మీద కాకుండా ఎత్తులో పెట్టండి. బకెట్‌లో ముంచి కడిగే బదులు పొడిగుడ్డతో తుడవండి, ఆ గుడ్డను రోజూ ఉతికి ఎండలో వేయండి. నీళ్లు చల్లాల్సి వస్తే మీరు తాగే నీళ్లే చల్లండి. రాలి మట్టి అంటినవాటిని మంచివాటితో కలపొద్దు. ముక్కలు కోసి అమ్మితే ఈగలు వాలకుండా మూత పెట్టండి, డబ్బులు పట్టుకున్న చేత్తో ముక్క అందించకుండా ఒక చెంచానో పట్టకారునో ఉంచుకోండి. విరేచనాలు అవుతున్న రోజు ముక్కలు కోసే పని ఇంకొకరికి ఇవ్వండి.